గంజీఫా పేక

పేకాటను గూర్చి ప్రసంగించుట కొందరు శ్రోతలకు రుచింపకపోవచ్చును. పేక యనగానే అప్పుల పాలైన సంసారములు, అర్ధరాత్రి తగవులు మనకు స్ఫురించును. నేను నేడు చెప్పదలచినది పందెమును గూర్చి కాదు, ముక్కలను గూర్చి. ఏ ముక్కను ఉంచుకొనవలెను, దేనిని విడువవలెను, దేనిని వెదకి సంపాదింపవలెను అను విచారము ఆటగానికిని ఉన్నది, ఆటవస్తువులను కూడబెట్టువానికిని ఉన్నది. ఈ విచారములో నేను స్వయముగా ఒకమారు పొరబడితిని. ఆ పొరపాటుతోనే ప్రారంభించెదను.

హైదరాబాదు పాతబస్తీలో చార్మినారుకు పడమరగా లాడ్‌బజారు వెంట పోయినచో మహబూబ్ చౌకు వచ్చును. అచ్చట 1892లో ఆస్మాన్‌జా కట్టించిన గడియారపు గోపురము కలదు. దాని చుట్టుప్రక్కల పాత పుస్తకములు, పాత గడియారములు, ఇత్తడి సామాను అమ్మువారు కూర్చుందురు. ఇరువది యేండ్ల క్రిందట ఒక దుకాణములో నాకొక రేకుపెట్టె కనబడినది. అందులో గుండ్రని ముక్కలు, లక్కపూత మెరయుచున్నవి, డెబ్బదికి పైగా ఉండెను. దుకాణదారుడు వానిని రెండు కుప్పలు చేసియుంచెను. మనుష్యుల బొమ్మలున్న ముక్కలు ఒక కుప్ప. వానికి ఒక్కొక్కదానికి ధర. చుక్కలు, గుర్తులు మాత్రమే యున్నవి రెండవ కుప్ప. వానికి ధర యనునదే లేదు.

నేను సింహాసనముపై కూర్చున్న యొక రాజును ఏరుకొంటిని. రాజు తలకు ప్రక్కగా బంగారు రంగు వృత్త మొకటి ఉన్నది. అది సూర్యబింబమను అలంకారమని భావించితిని.

"అంకెల ముక్కలు కూడా తీసుకోండి సాబ్, పెట్టెతో సహా ఇచ్చేస్తాను," అని దుకాణదారుడు చెప్పెను.

"బొమ్మ లేనివి నాకెందుకు?" అంటిని.

ఆ మాట నేటికిని నా చెవిలో ఉన్నది. కొన్ని నెలల తరువాత, నేను కొన్నది గంజీఫా అను పేకలోని ముక్క యని తెలిసి, తిరిగి ఆ దుకాణమునకు పోతిని. పెట్టె లేదు. రాజులను, వజీరులను ఎవరో అద్దము వేయించి గోడకు తగిలించుకొనుటకు కొనుకొని పోయిరట. అంకెల ముక్కలను బజారు పిల్లలు పంచుకొని పోయిరట. ఆ విధముగా ఒక పేక నశించినది. దానిని నశింపజేసినవారిలో నేనును ఒకడను.

ఇంతకు గంజీఫా యనగా నేమి? అది పారసీక దేశపు సంబంధము కలిగి, మొగలాయీల కాలమున మన దేశమున వ్యాపించిన పేక. 1527లో బాబరు చక్రవర్తి సింధు దేశమునందలి షాహసనునకు గంజీఫా పంపినట్లు తన స్వీయచరిత్రలో వ్రాసికొనెను. షాహసను దానియందు ఇష్టము కలిగి, కావలెనని కోరియుండెను. మన దేశమున గంజీఫాను గూర్చి దొరకిన తొలి వ్రాతలలో ఇది ముఖ్యమైనది. అదే కాలమున పారసీక కవి అహ్లీ షీరాజీ గంజీఫాలోని 96 ముక్కలకును ముక్కకొక రుబాయీ చొప్పున చెప్పెను. గమనింపుడు: ఆయన రాజులను మాత్రమే యేరుకొని కవిత్వము చెప్పలేదు. నేను పిల్లలపాలు గావించిన అంకెల ముక్కలకును ఒక్కొక్క పద్యము దక్కినది.

అక్బరు కొలువులోని అబుల్ ఫజలు 16వ శతాబ్దము చివర రచించిన అయినీ అక్బరీలో మరియొక పెద్ద పేకను వర్ణించెను. అందు 12 జాతులు. జాతికొక రాజు, ఆ రాజునకు 11 మంది అనుచరులు. వెరసి 144 ముక్కలు. ఆ రాజుల పేర్లలో అశ్వపతి, గజపతి, నరపతి అనునవి తెలుగువారికి క్రొత్తవి కావు. ఢిల్లీ సుల్తానులను అశ్వపతులనియు, ఓఢ్రరాజులను గజపతులనియు, విజయనగర రాయలను నరపతులనియు మన రాయవాచకము మొదలైన గ్రంథములు వ్యవహరించినవి. అబుల్ ఫజలు నాటికి విజయనగర ప్రాభవము క్షీణించినందున కాబోలు, ఆయన నరపతికి బిజాపుర ప్రభువును ఉదాహరణముగా చూపెను. గజపతి మాత్రము ఓఢ్రరాజే. రాజ్యములు మారినను పేకలోని సింహాసనము ఖాళీ పడలేదు. కూర్చున్నవాడు మాత్రము మారెను.

సాధారణముగా ఆడుకొనుచు వచ్చిన పేకలో 8 జాతులు, జాతికి 12 చొప్పున 96 ముక్కలు. మనము ఇప్పుడు ఇస్పేటు, ఆఠీను, డైమను, కళావరు అనునట్లే వారు తాజు, సఫేదు, శంషేరు, గులాము, చంగు, సుర్ఖు, బరాతు, కిమాషు అని వ్యవహరించిరి. తాజు కిరీటము, సఫేదు వెండినాణెము, శంషేరు కత్తి, గులాము సేవకుడు, చంగు తీగెలవాద్యము, సుర్ఖు బంగారునాణెము, బరాతు సర్కారువారి పత్రము, కిమాషు సరకు. ఈ యెనిమిదింటిని వరుసగా చదివినచో ఒక ప్రభుత్వము మన కన్నులయెదుట నిలుచును. ఖజానా కలదు, ఆయుధశాల కలదు, దఫ్తరు కలదు, ఉగ్రాణము కలదు, పని చేయువారు కలరు, అలసిన ప్రభువునకు సంగీతము కలదు. నా రాజు తలప్రక్కనున్న బంగారు వృత్తము సూర్యుడు కాదు. అది సుర్ఖు జాతి గుర్తైన నాణెము. ఆతడు నేను తలచినట్లు ఒంటరి చిత్రము కాడు. ఒక వజీరునకును, పది ముక్కలకును యజమానుడు.

జాతి కొక రాజు, ఒక వజీరు, ఒకటి మొదలు పది వరకు అంకెలు. ఇందులో ఒక చమత్కారమున్నది. నాలుగు జాతులలో వజీరు తరువాత పది పెద్దది, ఒకటి కడగొట్టుది. తక్కిన నాలుగు జాతులలో క్రమము తలక్రిందులు: వజీరు తరువాత ఒకటి పెద్దది, పది కడగొట్టుది. తాజు, సఫేదు, శంషేరు, గులాము మొదటి తరగతివి. చంగు, సుర్ఖు, బరాతు, కిమాషు రెండవ తరగతివి. కాబట్టి చేతిలో పది యున్నది గదా యని సంతోషించుటకు వీలులేదు. ఏ జాతి పది యని మొదట చూచుకొనవలెను. ఒక యింట దొరతనము చేయునది వేరొక యింట వాకిలి ఊడ్చును.

ముగ్గురు కూర్చుండి తలకు 32 ముక్కలు పంచుకొందురు. పగటివేళ సుర్ఖు రాజు ఎవరి చేతబడునో వారును, రాత్రివేళ సఫేదు రాజు ఎవరి చేతబడునో వారును ఆట ప్రారంభింతురు. తురుపు లేదు. ఒక జాతిలో రాజు పడిపోయిన పిమ్మట వజీరు పెద్ద. వజీరును పడిపోయినచో మూడవది పెద్ద. చిల్లర ముక్క కూడ, తనకు పైవన్నియు వెడలిపోయినచో, పట్టు తీయగలదు. ఈ సంగతిని కనిపెట్టుటకు ఎనిమిది జాతులలోను ఏవి పడినవో, ఏవి పడలేదో జ్ఞాపకము పెట్టుకొనవలెను. వచ్చిన ముక్కలు దైవాధీనము. విడుచుట మన యధీనము. గంజీఫాలో ఎన్నిక యంతయు విడుచుటలో ఉన్నది.

ఒక్క ముక్క తప్పిపోయినచో నేమగునో ఇప్పుడు లెక్కింపవచ్చును. 95 ముక్కలను ముగ్గురికి పంచినచో తలకు 31 పోగా 2 మిగులును. పంచుటయే కుదరదు. కుదిరించుకొన్నను, ఏ ముక్క పెద్దదో లెక్క తేలదు. పోయినది రాజైనను, కిమాషు పదియైనను నష్టమొక్కటే.

ఈ పేకలను చేయువారు మన దేశమున పెక్కుచోట్ల ఉండిరి. ప్రభువులకు ఏనుగుదంతముతోను, తాబేటి చిప్పతోను చేసిన పేకలను దర్బారు కలమనిరి. సామాన్యులకు గుడ్డ, కాగితము పొరలు పొరలుగా అంటించి, సుద్దపూసి, రంగువేసి, లక్క పట్టించిన వానిని బజారు కలమనిరి. హైదరాబాదునకు ఉత్తరమున సుమారు 200 కిలోమీటర్ల దూరముననున్న నిర్మల్ పట్టణపు నకాషీలు కొయ్యబొమ్మలతోపాటు గంజీఫా ముక్కలను గూడ చిత్రించిరి. హిందువుల యిండ్లలో దశావతార గంజీఫా ప్రసిద్ధి కెక్కినది. అందు మత్స్యము మొదలు పది జాతులు, 120 ముక్కలు. తెలుగువారును నివసించు పర్లాకిమిడిలోను, ఓఢ్రదేశపు తక్కిన యూళ్లలోను దీనిని గంజప్ప యనిరి. మైసూరు ప్రభువు ముమ్మడి కృష్ణరాజ ఒడెయరు 19వ శతాబ్దమున క్రొత్త క్రొత్త పేకలను కల్పించెను; ఆయన చాముండేశ్వరీ ఛాదులో 320 ముక్కలు గలవు.

ఇన్నిచోట్ల వ్యాపించిన యాట ఎట్లు అడుగంటినది? కారణము వింతయైనది కాదు. 1831లో ఇంగ్లండునందు థామస్ డి లా ర్యూ అనునతడు పేకముక్కలను అచ్చువేయు క్రొత్త పద్ధతికి హక్కుపత్రము పొందెను. ఐరోపాలోని యంత్రములు అచ్చొత్తిన 52 ముక్కల పేక చౌకగా మన బజారులకు వచ్చెను. దానిలో ఒక ముక్క చినిగినచో మరియొక పేక కొనవచ్చును. గంజీఫాలో ఒకటి పోయినచో అదే రంగులో, అదే వీపుతో, మరల చిత్రించి యిచ్చుటకు ఒక చిత్రకారుడు బ్రదికియుండవలెను. చిత్రకారునకు కూలి గిట్టలేదు. ఆతడు బొమ్మలవైపునకు తిరిగెను. ఆట మానినవారి యిండ్లలో పేకలు పెట్టెల యడుగున పడియుండెను. పిమ్మట మావంటివారము వచ్చి రాజులను ఏరుకొని పోతిమి.

ముక్కల నేరుకొనుట నాకు చిన్ననాటి యలవాటు. 1960 ప్రాంతమున మా గల్లీ పిల్లలము సిగరెట్టు పెట్టెల యట్టలను కత్తిరించి పేకగా కట్టుకొని, బల్లపరుపు రాతితో కొట్టి గెలుచుకొను ఆట ఆడెడివారము. 1930లో సంస్థగా నమోదైన వజీర్ సుల్తాన్ పొగాకు కంపెనీవారి చార్మినార్ సిగరెట్టు మా నగరపు సరకే. పెట్టెమీద మా చార్మినారే. నిజమైన చార్మినారు నీడలోనే ఆడుకొన్నను, మాకు చార్మినార్ అట్ట యనిన లక్ష్యము లేదు. ప్రతి పాన్‌దుకాణము ముందును అవి రాలియుండును గదా! ఎవరో ప్రయాణికుడు పారవైచిన పరదేశపు పెట్టె దొరకినచో దానికి బదులుగా ఇరువది చార్మినార్లు ఇచ్చి పుచ్చుకొనెడివారము. అరుదైనదే విలువైనదను పాఠమును నేనప్పుడే నేర్చితిని. ఆ పాఠమే మహబూబ్ చౌకులో నన్ను చెరచినది. కొట్టి గెలుచుకొను ఆటలో ప్రతి యట్టయు ఒంటరిదే. గంజీఫాలో ఒంటరి ముక్క లేదు. ఈ భేదము నాకు తోచలేదు.

ఏరుటయందే నైపుణ్యమున్నదని మన న్యాయస్థానములును ఒకప్పుడు విచారింపవలసివచ్చినది. 1963లో సికిందరాబాదులోని యొక క్లబ్బుమీద పోలీసులు దాడిచేసి, రమ్మీ ఆడుచున్నవారిని పట్టుకొనిరి. ఫసలీ 1305 నాటి హైదరాబాదు జూద నిషేధ చట్టము ననుసరించి శిక్ష పడెను. వ్యవహారము హైకోర్టునకు, అటనుండి సుప్రీముకోర్టునకు పోయినది. 1967 నవంబరులో సుప్రీముకోర్టు తీర్పు చెప్పెను. మూడు ముక్కల యాటవలె రమ్మీ కేవలము అదృష్టముపై నడచునది కాదు. పడిన ముక్కలను జ్ఞాపకముంచుకొనుటయు, ఏది ఉంచుకొని ఏది విడువవలెనో నిర్ణయించుటయు గొప్ప నేర్పుతో కూడినవని దాని తాత్పర్యము. పందెముల వలన కలుగు కీడును ఆ తీర్పు తుడిచివేయలేదు. 2017లో తెలంగాణ ప్రభుత్వము తన చట్టమును సవరించి, పందెమొడ్డి యాడు రమ్మీని, కంప్యూటరు తెరలపై ఆడుదానిని గూడ నిషేధించినది. అయినను ఆ తీర్పులోని యొక్క మాట మన చర్చకు పనికివచ్చును. ముక్కలు చేతికి వచ్చుట ప్రజ్ఞ కాదు. వానిలో దేనికి దేనితో పొత్తు కుదురునో చూచుట ప్రజ్ఞ. రమ్మీ ఆడువాడు రాజు అందముగా నున్నాడని ఉంచుకొనడు. రాణియు, గులామును తోడు రానిచో విడిచిపెట్టును.

ఈ విషయమున నాకు బుద్ధి చెప్పినవాడు మాత్రము న్యాయాధిపతి కాడు. పండ్రెండేండ్ల మా మనుమడు. వాడు పోకెమాన్ అను జపానుదేశపు పేక ఆడును. ఇట్టి యాటలకు ఆద్యుడు రిచర్డ్ గార్ఫీల్డ్ అను అమెరికా గణితజ్ఞుడు. ఆయన 1993లో మేజిక్ అను ఆటను వెలువరించెను; పోకెమాన్ పేక 1996లో జపానున వచ్చెను. వీనిలో అందరికి కలిపి యొక పేక ఉండదు. ఎవరి పేకను వారే కూర్చుకొని తెచ్చుకొనవలెను. వేలకొలది ముక్కలు బజారులో ఉండును. మూసిన పొట్లములలో ఏవి వచ్చునో తెలియదు. మిత్రులతో మార్పిడి చేసికొందురు. కాని పోటీకి కూర్చుండునపుడు పోకెమాన్ పేకలో సరిగా 60 ముక్కలుండవలెను. మూల శక్తి ముక్కలు తప్ప, ఒకే పేరు గల ముక్క నాలుగింటికి మించరాదు. గంజీఫాలో ఎన్నిక ఆట మధ్యలో జరిగినది. రమ్మీలో ప్రతి వరుసకు జరుగును. ఈ క్రొత్త యాటలో సగము ఎన్నిక, ఆటకు కూర్చుండకముందే, ఇంటివద్దనే ముగియుచున్నది.

ఒకనాడు వాడు తన ముక్కలన్నిటిని చాపపై పరచి ఏరుచుండెను. తళతళ మెరయు మృగము బొమ్మనొకదానిని ప్రక్కకు త్రోసివైచి, ఏ శోభయు లేని ముక్కలను పదింటివరకు లెక్కపెట్టి తీసికొనెను. అంత మంచి బొమ్మను ఏల విడిచితివని యడిగితిని.

"అది ఒట్టి ఆల్బమ్ ముక్క తాతయ్యా. ఇవి శక్తి ముక్కలు. ఇవి చాలినన్ని లేకపోతే ఎంత పెద్ద పోకెమాన్ అయినా దెబ్బ కొట్టలేదు. ఊరికే కూర్చుంటుంది," అనెను.

నేను లేచి, గోడనున్న నా సుర్ఖు రాజును దించి వానికి చూపితిని. వాడు అటు నిటు త్రిప్పి చూచి, "మిగిలినవి ఏవి తాతయ్యా?" అని యడిగెను.

నేను బదులు చెప్పలేకపోతిని.

గంజీఫాను బ్రదికింపవచ్చును అనుటకు నిదర్శనము లేకపోలేదు. మహారాష్ట్రమున సావంతవాడి సంస్థానమున 1970 దశకములో రాజమాత సత్వశీలాదేవి భోంస్లేయును, ఆమె భర్త శివరామ్ రాజేయును, కళ తెలిసిన వృద్ధ చిత్రకారుని వెదకి, ఆతనివద్ద పని నేర్పించి, రాజభవనముననే పేకలు చేయించిరి. 1933లో బొంబాయికి వచ్చిన జర్మను కళావిమర్శకుడు రుడాల్ఫ్ వాన్ లేడెన్ జీవితకాలమున గంజీఫాలను సేకరించి, 1982లో వానిని గూర్చి గ్రంథము ప్రకటించెను. ఆతడు బొమ్మలతో తృప్తిపడక జాతులెన్ని, క్రమమేది, ఆట యెట్లని విచారించెను. నావంటి సేకరణకును, ఆతని సేకరణకును గల భేదమిదియే.

కావున పాతబస్తీ దేవడీలలోను, నిర్మల్ ప్రాంతపు పాతయిండ్లలోను నివసించు శ్రోతలకు నాదొక మనవి. మీ పెట్టెల యడుగున గుండ్రని ముక్కలు దొరకినచో మొదట లెక్కపెట్టుడు. జాతులవారిగా పేర్చి, ఏవి లేవో వ్రాసియుంచుడు. రాజునకు మంచి ధర వచ్చుచున్నదని ఆతనిని అంకెలనుండి విడదీయకుడు. ఇంటిలో ఆ యాటను చూచిన వృద్ధులుండినచో, ముందు వారిని కూర్చుండబెట్టి ఆడుమని యడుగుడు. ముక్క పోయినచో మరల చిత్రింపవచ్చును. ఆడు తీరు పోయినచో చిత్రించుటకేమియు ఉండదు.

మా మనుమని ప్రశ్నకు నేను చేయగలిగినంత చేసితిని. ఛత్తాబజారులో పెండ్లిపత్రికలు అచ్చువేయువారి వద్ద మిగిలిపోయిన దళసరి అట్టలు కొని తెచ్చి, ఇరువురము కూర్చుండి గిన్నెమూత ఆధారముగా వలయములు గీసి కత్తిరించితిమి. కిరీటములు, కత్తులు, నాణెములు వాడు గీసెను. అంకెలు నేను వేసితిని. 95 ముక్కలు సిద్ధమైనవి. తొంబదియారవదిగా నా సుర్ఖు రాజును కలిపితిమి. మూడవ చేయిగా మా యింటి యిల్లాలిని పిలిచితిమి.

మొదటి పంపకమునందే చిక్కు వచ్చినది. మా యట్టల వీపులు తెలుపు. రాజు వీపు ఎరుపు లక్క. ఎవరి చేతిలో నున్నాడో అందరికిని కనబడుచున్నది. రహస్యము లేని ముక్క ఆటకు పనికిరాదు. మా మనుమడు మారుమాటాడక మరియొక యట్టను గుండ్రముగా కత్తిరించి, వంకర కిరీటము పెట్టి, మీసములు దిద్ది, ప్రక్కన ఒక నాణెము గీసెను. నేను ధర పెట్టి కొన్న రాజు మరల గోడకెక్కెను. పగటివేళ గావున అట్టరాజు చేతబడిన మా యిల్లాలు ఆట ప్రారంభించినది. పడిన ముక్కను ఆమె మరువదు. ఆనాడు మా యిద్దరిని ఆమెయే ఓడించినది.